పన్నెండు ప్లాట్ల పాఠ్య ప్రణాళిక

పిల్లల్ని గదిలోంచి బయటికి తీసుకుపోయి, వాళ్ళ చేతులతోనే పని చేయించి లెక్కలు నేర్పే పద్ధతిని హైదరాబాదుకు తూర్పు వైపున మొట్టమొదట ప్రవేశపెట్టినవాడిని నేనే. ఇవాళ టీచర్లను చల్లటి హాల్లో కూర్చోబెట్టి, డబ్బా భోజనం పెట్టి, మూడు రోజుల పాటు చెప్పే సంగతిని నేను ఎనభైల్లోనే చేసి చూపించాను. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్.బి.నగర్ వెళ్ళే దారిలో ఒక రేకుల బడి, ఒక తాడు, ఒక సున్నం బస్తా. అంతే సరంజామా. ఆ పాఠం చూడడానికి వచ్చిన స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. తన సర్వీసులో ఇటువంటి పాఠం చూడలేదన్నారు.

ఈ మూడూ జరిగాయి. ఎందుకు జరిగాయన్నది కొంచెం వేరే సంగతి. అది కూడా చెబుతాను. ఈ వయసులో దాచుకుని చేసేదేముంది.

మా బడికి మూడు వైపులా ప్లాట్లు, నాలుగో వైపు ఒక చేను. పొద్దున మేం ప్రార్థన చేసేసరికి చేనుగా ఉన్నది సాయంత్రం గంట కొట్టేసరికి ఏదో ఒక నగర్ అయిపోయే రోజులవి. అంత తొందరగా కాదులెండి. ఒక వేసవి సెలవులు పట్టేది. పిల్లల్లో సగం మంది పాత ఊళ్ళ రైతుల పిల్లలు. మిగతావాళ్ళు నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన మేస్త్రీల, లారీ డ్రైవర్ల పిల్లలు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగుల పిల్లలు ఓ పదిమంది. వీళ్ళెవరికీ పదమూడో ఎక్కం దాటి వచ్చేది కాదు. తూర్పు ముఖం ప్లాటుకూ పడమటి ముఖం ప్లాటుకూ గజం మీద ఎంత తేడానో మాత్రం అందరికీ తెలుసు.

నేను అక్కడ లెక్కల మాస్టారుని. రెండేళ్ళుగా టెంపరరీ. పర్మినెంట్ అయిందని మా మామగారికి చెప్పి, నా భార్యను ఊరి నుంచి తెచ్చి కొత్తపేటలో కిరాయి ఇంట్లో కాపురం పెట్టాను. అంటే అబద్ధం ముందు చెప్పేశాను, దాన్ని నిజం చేసే పని మిగిలింది. నా భార్యకు ఆ సంగతి తెలుసు. పొద్దున సైకిలు బయటికి తీసేటప్పుడు రోజూ ఒకే మాట అడిగేది: “ఇయ్యాలన్న అయితదా?” 

ఆ ఏడాది కోతలు అయిపోయిన రోజుల్లో హెడ్మాస్టరు నన్ను పిలిచాడు. ఆయనది గుంటూరు వైపు. మనిషి మంచివాడు, చెప్పదలచింది మెత్తగా చెబుతాడు, అందుకే ఇంకా భయం వేసేది.

“మాస్టారూ, వచ్చే గురువారం ఇన్‌స్పెక్షనండీ. ఈసారి చూసేది మీ క్లాసే. మీ నోట్స్ మీద ఆయన సంతకం పడితే సెలవులకు ముందే మిమ్మల్ని ఖాయం చేసేస్తాను. పడలేదనుకోండి, జూన్‌లో మీరూ రాలేరు, నేనూ పిలవలేను.”

నోట్స్ అంటే పాఠ్య ప్రణాళిక. ఏ పాఠమైనా చెప్పే ముందు రోజే రాసుకోవాలని రూలు. పేజీకి ఐదు గడులు. పాఠం లక్ష్యం ఏమిటి, ఏ బోధనోపకరణాలు వాడతారు, టీచరు ఏం చేస్తాడు, పిల్లలు ఏం చేస్తారు, చివరికి వాళ్ళకు వచ్చిందో లేదో ఎట్లా తెలుసుకుంటారు. రూలు మంచిదే. మా ఆచారం వేరు. ఇన్‌స్పెక్షన్ తేదీ తెలిసిన రోజున మొదలుపెట్టి, ఏడాది ప్రణాళికలన్నీ వారంలో రాసేవాళ్ళం. ఒక్క చేత్తో ఒక్క వారంలో రాసినట్టు కనబడకుండా నేను నాలుగు పెన్నులు మార్చాను. వానాకాలం పేజీల మీద తడి చేత్తో నొక్కాను. నవంబరు నెలలో ఒకచోట టీ చుక్క వేశాను. ఆ శ్రద్ధలో సగం పాఠాల మీద పెట్టి ఉంటే ప్రణాళికలు రాయడమే అక్కర్లేకపోయేది.

హెడ్మాస్టరు పుస్తకం తిరగేశాడు. ఉపకరణాల గడి దగ్గర ఆయన వేలు ఆగింది. జూన్ నుంచి నవంబరు దాకా ప్రతి పేజీలోనూ అదే ముక్క: నల్లబల్ల, సుద్దముక్క, డస్టర్. అందులోనూ డస్టర్ అబద్ధం. బడి మొత్తానికి ఒక్క డస్టర్ లేదు, చేతి రుమాళ్ళతో తుడిచేవాళ్ళం.

“ఏంటండీ ఇదీ? ఏడాది పొడుగునా సుద్దముక్కేనా? ఆయనకు ఉపకరణాలంటే పిచ్చండీ బాబూ. ఎక్కడో ఒకాయన బత్తాయి పండు వలిచి భూగోళం చెప్పాడట, అక్కడికక్కడే మెచ్చుకున్నారట. మీరూ ఏదో ఒకటి ఆలోచించండి.”

ఇంటికి పోయి ఆలోచించాను. తర్వాతి పాఠం వైశాల్యం. గడి నింపాలి గదా అని రాశాను: “గజానికొక ముడి వేసిన తాడు, గూటాలు, సున్నం, ఆరుబయట స్థలం.” టీచరు ఏం చేస్తాడంటే, పది గజాల వెడల్పు, ఇరవై గజాల పొడవుతో నేల మీద దీర్ఘచతురస్రం గీయిస్తాడు. పిల్లలు కొలుస్తారు, వైశాల్యం కనుక్కుంటారు. రాసింది చేయమని ఎవరూ అడగరన్న ధైర్యంతో రాశాను. అంతవరకూ ఎవరూ అడగలేదు మరి.

మర్నాడు హెడ్మాస్టరు ఆ పేజీ చదివి కుర్చీలోంచి సగం లేచాడు. “మాస్టారూ! అద్భుతం! గురువారం ఆయనకు ఇదే చూపిస్తున్నాం.”

అట్లా నేను కాగితం మీద కనిపెట్టిన పద్ధతి నా మీదికే వచ్చింది.

మంగళవారం రిహార్సల్ పెట్టుకున్నాను. స్థలం అంటే బడి పక్కనున్న చేనే. వేరుశనగ పీకేశారు, ఖాళీగా ఉంది. చేను ఒక పెద్దాయనది. చుట్టుపక్కల అందరూ అమ్ముకున్నా ఆయన అమ్మలేదు. కొడుకులిద్దరూ అమ్మమని పోరుతున్నారని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన మనవరాలు నా ఏడో తరగతిలోనే మొదటి బెంచీలో కూర్చునేది. గంట పనికి పెద్దాయన్ను అడగడం ఎందుకనుకున్నాను. అడగలేదు.

ఒక పిల్లవాడి తండ్రి మేస్త్రీ. ఇల్లు కట్టే చోటి నుంచి ఒక బస్తా సున్నం పంపాడు. పిల్లల చేతికి తాడు ఇచ్చి, ఒక్క దీర్ఘచతురస్రం గీయండని చెప్పి, నేను వరండాలో కూర్చున్నాను. పర్యవేక్షణ కోసమని చెప్పుకుంటాను. నిజానికి డిసెంబరు ప్రణాళికలు ఇంకా మిగిలి ఉన్నాయి.

డిసెంబరు అయిపోయాక తలెత్తి చూస్తే చేను లేదు. దాని స్థానంలో పన్నెండు ప్లాట్లున్నాయి. ఇటు ఆరు, అటు ఆరు, మధ్యలో పది గజాల బాట. ప్రతి మూలకూ రాయి, ప్రతి ప్లాటుకూ సుద్దముక్కతో నంబరు. తెల్లటి గీతలు మధ్యాహ్నపు ఎండలో దూరం నుంచి కూడా కనిపిస్తున్నాయి.

“ఏందిరా ఇది?” అన్నాను.

“ప్లాట్లు సార్.”

“నేను ఒక్కటే గీయమన్న గదా?”

పెద్దాయన మనవరాలు తాడు చుట్టుకుంటూ నా వైపు జాలిగా చూసింది. “ఒక్కటే గీస్తే దానికి బాట ఎట్ల ఇస్తం సార్? బాట లేకుంటే ఎవ్వలు కొంటరు?”

పుట్టినప్పటి నుంచి వాళ్ళు చూసింది అదే. నేల మీద సున్నంతో గీసిన ఒంటరి దీర్ఘచతురస్రాన్ని వాళ్ళు ఎక్కడా చూడలేదు. ‘పిల్లలు ఏం చేస్తారు’ అన్న నా గడిలో మాత్రం ఇది లేదు. చెరిపిద్దామంటే సున్నం చెరగదు. పైగా గురువారానికి మళ్ళీ గీసే పని తప్పుతుందని వదిలేశాను.

బుధవారం పొద్దున రెండో పీరియడ్‌లో స్కూటర్ మీద భార్యాభర్తలు వచ్చారు. టిఫిన్ క్యారియర్ కూడా తెచ్చుకున్నారు, ఎల్.బి.నగర్ నుంచి మొదలుపెట్టి ప్లాట్లు చూసుకుంటూ వస్తున్నారట. ఆయన కిటికీలోంచి తల పెట్టాడు.

“ఏవండీ, ఈ వెంచర్ కొత్తగా వేశారా? నిన్న లేదే! కార్నర్ బిట్ ఏమైనా ఉందంటారా?”

నేను నోరు తెరిచేలోపు వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది: “ఏడో నంబర్ కార్నర్ అంకుల్!”

మధ్యాహ్నానికి ఇంకో ముగ్గురు వచ్చారు. నాలుగో మనిషిగా పెద్దాయన వచ్చాడు. చేని గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గీతలు తొక్కకుండా, వాటి పక్కపక్కనే నడిచి నా దగ్గరికి వచ్చాడు.

“సారూ, నా చేన్ల ఎవడు గీసిండు?”

“ఏమో పెద్దాయనా. నేను పొద్దటి సంది గదిలనే ఉన్న.”

ఇది నిజమే. మంగళవారం సంగతి ఆయన అడగలేదు.

“నా కొడుకులే గీయించిన్రు. నేను బతికుండంగనే గీతలు గీసిన్రు సారూ.”

“ప్లాట్లు ఏసేటోళ్ళకు కనికరం ఉండదు పెద్దాయనా,” అన్నాను. ఆయనకు మంచినీళ్ళు కూడా ఇచ్చాను. ఆయన తాగి, చెంబు కింద పెట్టి, “రేపటి సంది ఈడనే కూసుంట. ఎవడొస్తడో సూస్త,” అని వెళ్ళిపోయాడు.

ఆ పూట వాళ్ళింట్లో నువ్వే గీయించావని పెద్ద కొడుకు చిన్న కొడుకును అన్నాడట, చిన్నవాడు పెద్దవాడిని అన్నాడట. ఎవరూ అన్నం ముట్టలేదట. నాకు అది తెలియదు. తెలిసి ఉంటే వెంటనే పోయి చెప్పేవాణ్ణి. ఈ వాక్యం రాశాను గానీ నాకే నమ్మకం కుదరడం లేదు. చెబితే పెద్దాయన హెడ్మాస్టరు మీదికి వచ్చేవాడు, గురువారం పాఠం ఆగిపోయేది, సంతకం పడేది కాదు, మా మామగారు జూన్‌లో వచ్చి కూతురిని చూసేసరికి నేను ఇంట్లో కూర్చుని ఉండేవాణ్ణి. ఆ పూట నేను అన్నం తిన్నాను. పప్పులో ఉప్పు తక్కువైందని కూడా అన్నాను.

గురువారం ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. సన్నటి మనిషి, తెల్లటి బుష్ షర్టు, మందపాటి కళ్ళద్దాలు. నల్లబల్లను ఇద్దరు పిల్లలు మోసుకొచ్చి చేని గట్టుకు ఆనించారు. ఆయనకు దుక్కిలోనే కుర్చీ వేశాం. నాలుగో నంబరు ప్లాటు మధ్యలో పెద్దాయన గోనెసంచి పరుచుకుని, కర్ర అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు.

హెడ్మాస్టరు నా చెవిలో అడిగాడు. “ఎవరండీ ఆయన?”

“పాఠంలో భాగమే సార్,” అన్నాను.

ఆ మాట తర్వాత నిజమైంది. అందులో నా గొప్పతనమేమీ లేదు.

పిల్లలు తాడు పట్టుకుని దిగగానే పెద్దాయన లేచాడు. ఇన్‌స్పెక్టర్ గారిని ప్లాటు కొనడానికి వచ్చిన మనిషనుకున్నాడు. అందరికీ వినబడేటట్టు అడిగాడు: “ఎవడు గీసిండు? ముంగటికి రమ్మను!”

హెడ్మాస్టరు నా వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ గారు హెడ్మాస్టరు వైపు చూశారు. రెండేళ్ళ టెంపరరీ బతుకు నా కళ్ళ ముందు కనిపించింది. కొత్తపేట ఇల్లు కనిపించింది, మామగారు కనిపించారు. అయినా ముందుకు నడిచాను. “పెద్దాయనా, నీ కొడుకులకేం తెల్వదు. ఇవి అమ్మే ప్లాట్లు కావు, పిల్లల లెక్క. గీయించింది నేను. నిన్ను అడగకపోవుడు నా తప్పు,” అని చేతులు జోడించాను.

“లెక్కనా?” అన్నాడు పెద్దాయన. “అమ్మకానికి కాదా?”

“కాదు తాతా,” అన్నది మనవరాలు.

ఆయన గోనెసంచి మీద మళ్ళీ కూర్చున్నాడు. కర్రతో బాట వైపు చూపించాడు.

“లెక్కయితే జెప్పున్రి మల్ల. గీ బాటకు నా చేను ఎంత బోయింది?”

నా ప్రణాళికలో ఆ ప్రశ్న లేదు. అయినా పిల్లలు తాడు వేసి కొలిచారు. అరవై పొడవు, పది వెడల్పు. ఆరు వందల గజాలని తేల్చారు.

“ఆరు నూర్ల గజాలు నడిసేటందుకే?” పెద్దాయన నిజంగానే అదిరిపోయాడు. “గందుల నాకు ఎన్ని బస్తాల పల్లికాయ ఎల్తదో ఎరుకనా? నా కొడుకులు గీ ముచ్చట నాకెన్నడు జెప్పలే!”

తర్వాత ఆయన తన ప్లాటు మూల వైపు చూసి తల అడ్డంగా ఆడించాడు. “గీ మూల సక్కగ లేదు.” ఎట్లా తెలుసునని పిల్లలు అడిగితే తాడు రెండో కొస తానే పట్టుకున్నాడు. ఈ మూల నుంచి ఎదురు మూలకు ఒకసారి కొలిపించాడు, మిగతా రెండు మూలల మధ్య ఇంకోసారి. ఒకటి ఇరవై రెండు ముళ్ళకు అందలేదు, ఇంకొకటి ఇరవై మూడు దాటింది. “రెండు సమానమొస్తెనే మూలలు సరి ఉన్నట్టు. లేకుంటె ఇల్లు వంకర.”

“అంచులన్ని గవ్వే ఉన్నా జాగ తక్కువైతదా తాతా?” అని మనవరాలు అడిగింది.

“మంచం కట్లు వదులై ఓ దిక్కుకు వాలితే పట్టెలు గవ్వే ఉంటయి. పండే జాగ తగ్గుతలేదా?”

ఆ పోలిక వినగానే పిల్లలందరూ ఒకేసారి ‘ఓ’ అన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా పాఠానికి పిల్లలు ‘ఓ’ అనడం నేను వినలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు లేచి నిలబడింది అప్పుడే. కుర్చీ వెనక కాళ్ళు దుక్కిలో దిగబడుతున్నాయి, లేవకపోతే వెల్లకిలా పడేవారు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నది సున్నం పడి. కొంత మిగిలిందేమోనని పంపు దగ్గర మళ్ళీ కడుక్కున్నారు. “నా సర్వీసులో ఇటువంటి పాఠం చూడలేదండీ” అని అన్నమాట నిజం. పెద్దాయనతో అన్నారు.

నా పుస్తకంలో సంతకం పడింది. దాని పైన రెండు వాక్యాలు రాశారు. “ఉపకరణాలు స్థానికమైనవి, ప్రశంసనీయం.” రెండోది: “తరగతి జరుగుతున్న చోట ఉపాధ్యాయుడు కూడా ఉండవలెను.” మొదటి వాక్యం చూసి హెడ్మాస్టరు నన్ను ఖాయం చేశాడు. మా మామగారికి నేను చెప్పింది ఏడాది ఆలస్యంగా నిజమైంది. ఆ రెండో వాక్యం ఎందుకు రాశారో మాత్రం నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళు ఏదో ఒక లోపం రాయకుండా సంతకం పెట్టరు కదా అనుకున్నాను.

ఆ తర్వాత ప్రణాళికలు నిజంగా రాయడం నేర్చుకున్నాను. ముందురోజే, ఒకే పెన్నుతో. ‘పిల్లలు ఏం చేస్తారు’ అన్న గడి మాత్రం ఖాళీగా వదిలిపెట్టి, పాఠం అయ్యాక నింపేవాణ్ణి. దాని మీద నాకు రెండు మెమోలు వచ్చాయి. అయిదని చెబుతుంటాను. రెండే.

ఆ మనవరాలికి ఇప్పుడు యాభై దాటాయి. వనస్థలిపురంలో ఉంటుంది, లెక్కల టీచరు. మొన్న ఇంటికి వస్తే ఇదంతా కూర్చోబెట్టి చదివి వినిపించాను. అబద్ధాలన్నీ ఒప్పేసుకున్నాను గదా, మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె టీ తాగడం పూర్తిచేసి, కప్పు పక్కన పెట్టింది.

“అన్ని మంచిగనే రాసిన్రు సార్. ముంగటికి నడిచి చేతులు జోడిచ్చిన్రని రాసుకున్నరు సూడున్రి, గది జరగలే. ఇంట్ల మా నాయిన, మా చిన్నాయిన కొట్లాడుకుంటుంటె కూడ నేను నోరు తెరవలే, పొద్దున సారే చెప్తడు గదా అని. తాత మూడుసార్లు అడిగిండు. మూడోసారికి నేనే గీసిన తాతా అని నేను చెప్పిన. మీరు మొదటిసారి అడిగినప్పుడే డస్టర్ తెస్త అని లోపలికి పోయిన్రు. మన బళ్ళె డస్టరే లేకుండె గద సార్.”